జిగురత్త చదివిన మొదటి నవల

ఆవిడ కుట్టిన పుస్తకాన్ని మూడో అంతస్తు మీంచి విసిరేసినా కిందపడి, లేచి, దుమ్ము దులుపుకుంటుందని ఆ లైబ్రరీకి వచ్చేవాళ్ళు చెప్పుకునేవారు. ఒకసారి లావుపాటి నిఘంటువు ఒకటి నిజంగానే కిటికీలోంచి జారి, కింద ఆగి ఉన్న కారు కప్పుకి సొట్ట పెట్టిందట. అట్ట మీద మాత్రం గీత కూడా పడలేదట. కారాయన మండిపడుతూ పైకొచ్చి, పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మారుమాట లేకుండా సభ్యత్వం కట్టి వెళ్ళాడట. చూసినవాళ్ళు ఎవరూ లేరు. నమ్మనివాళ్ళూ ఎవరూ లేరు.

ఆవిడ గది లైబ్రరీ వెనకవైపు, మెట్ల కింద ఉండేది. నిలబడితే తలకి మెట్టు తగులుతుంది. ఒక బల్ల, చెక్క ప్రెస్సు, కాగితాల అంచులు కోసే పెద్ద కత్తి, నూలుదారం ఉండలు, జిగురు గిన్నె. ముప్పై ఒక్క ఏళ్ళుగా అక్కడే కూర్చుని కుట్టడం వల్ల గోళ్ళ సందుల్లో జిగురు ఎండి అదో గోరురంగులా ఉండేది. అందుకే అందరికీ ఆవిడ జిగురత్త. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది, అక్కడే ఉండిపోయింది.

ఇన్నేళ్ళలో పదకొండు వేల పుస్తకాలు కుట్టింది. ఒక్కటీ చదవలేదు. చదువు రాక కాదు.

"చదువుతూ కూర్చుంటే కుట్టేదెప్పుడు?" అనేది ఎవరైనా అడిగితే. పదహారు పేజీల మడతని ఫారం అంటారు. ఒక ఫారం చివరి మాట, తరవాతి ఫారం మొదటి మాట కలుస్తున్నాయా లేదా, అడుగున పేజీ నంబరు సరిగ్గా ఉందా లేదా, అంతవరకే ఆవిడ చదువు. ఆ లెక్కన ప్రపంచంలోని కథలన్నీ ఆవిడకి సగం వాక్యాలుగా తెలుసు.

ఆ లైబ్రరీలో ఒక పద్ధతి ఉండేది. గుమ్మం పక్కన కొక్కేనికి ఒక నోటుపుస్తకం, దారంతో కట్టిన పెన్సిలు వేలాడుతూ ఉండేవి. పుస్తకం తిరిగి ఇచ్చినవాళ్ళు అందులో తమ అభిప్రాయం రాయాలి. నచ్చితే నచ్చిందని, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదని. ఏడాది చివర్లో ఆ అభిప్రాయాలు తెల్లకాగితం మీద తిరగరాసి, ఆ పుస్తకం రాసినాయనకో ఆవిడకో పోస్టులో పంపేవారు. సస్పెన్సు నవలలకి మాత్రం ఒక రూలు. దొంగ ఎవరో రాయకూడదు. రాసినవాళ్ళకి నెల్లాళ్ళు పుస్తకం ఇవ్వరు.

ఆ ఏడు అందరి నోళ్ళలోనూ నానింది ‘మంత్రివర్గంలో ఒకడు’ అనే నవల. ప్రధానమంత్రిని దించడానికి ఆయన మంత్రుల్లోనే ఒకడు కుట్ర పన్నుతాడు. ఎవడన్నది తెలియదు. ఉన్నది ఒకే ఒక్క కాపీ. అడిగినవాళ్ళు అరవై ముగ్గురు. అదే సమయంలో వానకి కప్పు కారి, ఆ కాపీ కాస్తా తడిసి ముద్దయింది.

లైబ్రేరియను కుర్రాడు కొత్తగా వచ్చినవాడు. ఆ ముద్దని రెండు చేతుల్లో పెట్టుకుని పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు.

"అత్తా, దీన్ని ఎలాగైనా బతికించు. ఇంకోమాట. నాలుగు ముక్కలు చేసి విడివిడిగా బైండు చెయ్యి. ఒకరు మొదటి ముక్క చదివి ఇస్తే ఇంకొకరు అందుకుంటారు. ఒకేసారి నలుగురు చదవొచ్చు."

"పుస్తకాన్ని నాలుగు చేస్తే నాకు నాలుగు అట్టల పని. నీకేం, నోటితో చెప్పేస్తావు," అంది గానీ జిగురత్తకి ఆ ఆలోచన నచ్చింది.

నవలలో అధ్యాయాలకి అంకెలు లేవు. పెద్ద భాగాలు నాలుగే. వాటికి పేర్లు సభ, తాళం, ఫోను, మెట్లు. తడిసిన ఫారాలన్నీ విప్పి, గదిలో తీగ కట్టి ఆరేసింది. పేజీల అడుగుభాగం బూజు పట్టిపోవడంతో అరంగుళం మేర కత్తి పెట్టి కోసేసింది. ఆ అరంగుళంతోపాటు పేజీ నంబర్లు పోయాయి. ‘సమాప్తం’ అన్న మాట కూడా పోయింది. విషయసూచిక అంతకుముందే ఎవరి ఇంట్లోనో చిరిగిపోయింది.

అయినా ఆవిడ కంగారు పడలేదు. చివరి మాటకి మొదటి మాట కలుపుకుంటూ నాలుగు కట్టలు చేసింది. ముఖపత్రం ఉన్నది మొదటిది. అందులో చివర మూసుకున్న తలుపే రెండోదాని మొదట్లో తెరుచుకుంది. ప్రతి భాగమూ కొత్త ఫారంతో, కొత్త వాక్యంతో మొదలవుతుంది కాబట్టి ఆపైన మాటకి మాట కలిపే దారి లేదు. ఇంక మిగిలినవి రెండు, ఫోను, మెట్లు. ఏది మూడు, ఏది నాలుగు?

ఇక్కడే ఆవిడ తన అనుభవాన్ని నమ్ముకుంది. సస్పెన్సు నవల్లో ఎప్పుడూ చివరి పేజీలే మురికిగా ఉంటాయి. ఆగలేనివాళ్ళు ముందే తిప్పి చూసేస్తారు కాబట్టి. రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఫోను కట్ట వేలిముద్రలతో నల్లగా ఉంది. మెట్లు కట్ట తెల్లగా ఉంది. సందేహం లేదనుకుంది. మెట్లు మీద మూడు, ఫోను మీద నాలుగు అని అంకె వేసి పంపించేసింది.

ఆరునెలలు గడిచాయి. నలభై ఒక్కమంది చదివారు. పుస్తకానికి వచ్చినంత పేరు ఆ ఏడు నిజం ప్రధానమంత్రికి కూడా వచ్చి ఉండదు. జిగురత్త భర్త ఏడంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపేవాడు. స్టూలు మీద కూర్చుని మొదటి ముక్క చదువుతూ, తలుపు కొట్టిన చప్పుడు వచ్చే ఘట్టంలో లిఫ్టుని నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఆపేశాడు. లోపలున్న పెద్దాఫీసరు అరవబోయి, వెనకనుంచి రెండు పేరాలు చదివి, "పేజీ తిప్పవయ్యా" అన్నాడని అంటారు. లిఫ్టాయన అరవై ముగ్గురిలోనూ చిట్టచివర ఉన్నాడు. భార్య అక్కడే పనిచేస్తున్నా వరస తప్పించడానికి వీల్లేదంది కాబట్టి ఇంకా రెండో ముక్క కోసం కాచుకునే ఉన్నాడు. ఆ మొదటి ముక్క కూడా ఎవరో ఊరెళ్ళినప్పుడు మధ్యలో దొరికింది.

ఇంతలో లైబ్రరీ సెక్రటరీ గారికి ఒక బుద్ధి పుట్టింది. పట్నంలో మిషను బైండింగు వచ్చిందనీ, పుస్తకాలన్నీ అక్కడికి పంపిస్తే మెట్ల కింద గది ఖాళీ అవుతుందనీ, అందులో పాత పత్రికలు పెట్టుకోవచ్చనీ. ఆదివారం పాఠకుల సభ ఉంది. ‘మంత్రివర్గంలో ఒకడు’ మీద చర్చ. చర్చ అయ్యాక గది సంగతి తేలుస్తామని నోటీసు అంటించారు.

"ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క పేజీ అటూ ఇటూ అయిందని కంప్లయింటు లేదు," అంది జిగురత్త లైబ్రేరియనుతో. "ఆ మాట సభలో చెబుతాను. ఏం చేస్తారో చూస్తా."

"చెప్పత్తా. నీ వెనక నేనున్నాను."

"నువ్వు ముందుండు. వెనక గోడ ఉంది చాలు."

మంగళవారం అభిప్రాయాల నోటుపుస్తకం కుట్టు ఊడి ఆవిడ బల్ల మీదకి వచ్చింది. చేతిరాత పుస్తకం, నంబర్లు ఉండవు. వరస తెలియాలంటే చదవక తప్పదు. చదవడం మొదలుపెట్టింది.

‘చచ్చిపోయిన డ్రైవరు ఫోను చెయ్యడం చదివి రాత్రంతా దీపం ఆర్పలేదు. బాగుంది.’

‘ఇది రాజకీయ నవలా, దయ్యాల నవలా? కొంచెం తేల్చి చెప్పగలరు.’

‘మూడో ముక్కలో ద్రోహి దొరికిపోయాడు. ఇంక నాలుగో ముక్క నూట పది పేజీలు ఎందుకు? రచయిత తాగి రాశాడని నా అనుమానం.’

‘కథని ముందుకి కాక వెనక్కి నడిపించడం అపూర్వం. చివర మోగే ఫోను ఎవరూ ఎత్తరు. ఆ ఎత్తని ఫోనే ప్రజాస్వామ్యం.’ ఇది రిటైరైన లెక్కల మాష్టారిది. పేజీ నిండా ఉంది.

‘నవల కంటే మాష్టారి అభిప్రాయమే అర్థం కాలేదు.’ ఇది వీధి చివర బేకరీ నడిపే ఆవిడ రెండో ముక్క తిరిగి ఇచ్చినప్పుడు రాసింది.

జిగురత్త చేతిలో సూది ఆగిపోయింది. డ్రైవరు మూడో ముక్కలో చచ్చాడు, నాలుగో ముక్కలో ఫోను చేశాడు. మూడు. నాలుగు. ఆ అంకెలు వేసింది ఎవరు?

బుధవారం పొద్దున్న నాలుగు ముక్కలూ పాఠకుల దగ్గరనుంచి ఆదివారందాకా అని తెప్పించుకుంది. బేకరీ ఆవిడ మూడో ముక్క ఇవ్వనంటే ఇవ్వనంది.

"ఒదినా, ఇంకా పన్నెండు పేజీలున్నాయి. ఓవెన్లో రొట్టెలు మాడినా ఫర్వాలేదని కూర్చున్నాను. ఇప్పుడు లాక్కుంటే పాపం తగులుతుంది."

"తగిలితే తగిలింది. ఆదివారం నీకే ముందు ఇస్తాను. ఇటు తే."

తలుపు గడియ వేసుకుని, జీవితంలో మొదటిసారి, మొదటి మాటనుంచి ఒక నవల చదివింది. జిగురు గిన్నెలో జిగురు ఎండిపోయింది. సభ చదివింది, తాళం చదివింది. తరవాత నాలుగో అంకె వేసిన ఫోను చదివింది. ఆ భాగమంతా ఎవరు ఎవరికి ఫోను చేస్తున్నారో అంతు చిక్కకుండా ఉంది. మూడుసార్లు వెనక్కి తిప్పి చూసుకోవలసి వచ్చింది. అప్పుడు తెలిసింది ఆ మురికి సంగతి. జనం చివర ఏముందో చూసి నల్లబరచలేదు. అర్థంకాక వెనక్కీ ముందుకీ తిప్పి నల్లబరిచారు. ఆ తరవాత మెట్లు చదివింది. డ్రైవరు మెట్ల మీంచి పడి చచ్చిపోయాడు. ద్రోహి దొరికాడు. అంతా ముడి విప్పినట్టు విడిపోయింది.

చివరి పేజీ మూసి, "ఎంత బాగా రాశాడు మహానుభావుడు," అనుకుంది. వెంటనే గుర్తొచ్చింది. ఏడాది చివరికొచ్చింది, ఆ మహానుభావుడికే సోమవారం పోస్టులో ‘తాగి రాశాడు’ అని వెళ్ళబోతోంది.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో భర్తకి చెప్పింది. లిఫ్టాయన తింటున్నవాడల్లా ఆగాడు.

"ఇప్పుడేమైంది? మూడు ఉన్నచోట నాలుగు, నాలుగు ఉన్నచోట మూడు రాసేయ్. రెండు చుక్కల సిరా. ఎవడికి తెలుస్తుంది?"

"చదివేసిన నలభై ఒక్కమందికో?"

"వాళ్ళు మెచ్చుకుంటున్నారు కదే! మాష్టారైతే ప్రజాస్వామ్యం అంటున్నాడు."

"మెచ్చుకున్నవాళ్ళు పద్ధెనిమిదిమంది. తిట్టినవాళ్ళు ఇరవై ముగ్గురు. లెక్కపెట్టాను. ఆ తిట్లన్నీ నావి. ఆయన ఎందుకు మొయ్యాలి?"

"ఆదివారమే గది సంగతి తేలుస్తారు. సెక్రటరీ నీమీద కత్తి నూరుతున్నాడు. నువ్వే వెళ్ళి మెడ అందిస్తావా?"

"అందిస్తాను."

"ముప్పై ఒక్క ఏళ్ళు..."

"ఆ ముప్పై ఒక్క ఏళ్ళు నిజమైతే ఇదీ చెప్పాలి. లేకపోతే ఆ మాట కూడా నేను వాడుకోకూడదు."

లిఫ్టాయన ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ గొంతు నాలుగుసార్లు విన్నాడు. నాలుగుసార్లూ వాదించి లాభం లేకపోయింది. అందుకని, "సరే గానీ, డ్రైవరు చచ్చిపోతాడా?" అన్నాడు ఏడుపు మొహంతో. "నేనింకా అక్కడిదాకా రాలేదు."

జిగురత్త నాలిక కరుచుకుంది.

ఒక్కటే ఆవిడని పీడించింది. తను చెబితే నమ్ముతారా? పేజీ నంబర్లు లేవు. నాలుగు ముక్కలూ బల్ల మీద పెట్టుకుని శనివారమంతా కూర్చుంది. మాష్టారు ఒప్పుకోరు. ఆయన ఆ నవల మీద నలభై నిమిషాల ఉపన్యాసం తయారు చేసుకున్నారని ఊరంతా తెలుసు. చేతిలోకి సాక్ష్యం కావాలి.

ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. అట్టల మధ్యనుంచి పేజీల అంచులు కనిపిస్తున్నాయి. అక్కడ, అడుగున, లేత గోధుమరంగులో వాన నీటి మరక. అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి.

ఆదివారం హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక కొందరు కిటికీల్లో కూర్చున్నారు. సెక్రటరీ గారు మధ్య కుర్చీలో, చేతిలో మిషను వాళ్ళ రంగుల కాగితంతో. మాష్టారు లేచి ఉపన్యాసం మొదలుపెట్టారు. కాలం వెనక్కి ప్రవహించడం, చావు కూడా ఆపలేని గొంతు, ఎత్తని ఫోను, అలా చాలా దూరం వెళ్ళారు. వెనకనుంచి బేకరీ ఆవిడ, "మాష్టారూ, డ్రైవరు దయ్యమా కాదా, అది చెప్పండి ముందు," అంది. నవ్వులు.

"దయ్యం కాదమ్మా, అది శిల్పం!"

"కాదండీ," అంది జిగురత్త లేచి నిలబడి. "అది నా తప్పు."

హాలంతా ఆవిడవైపు తిరిగింది. సభల్లో ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

"మూడో ముక్క నాలుగోది. నాలుగో ముక్క మూడోది. అంకెలు నేనే తారుమారు చేసి వేశాను. రచయిత కథని వెనక్కి నడపలేదు. మీచేత వెనక్కి చదివించింది నేను."

మాష్టారు ఉపన్యాసం కాగితాలు పైకెత్తారు. "వీల్లేదు," అన్నారు. "రచయిత ఉద్దేశపూర్వకంగానే అలా రాశాడు. నేను నిరూపించాను కదా!"

"మాష్టారూ, మీరు లెక్కలు చెప్పినవారు. వచ్చి చూడండి."

నాలుగు ముక్కలూ తెచ్చి బల్ల మీద, తను వేసిన అంకెల వరసలో, అంచులు తనవైపుకి వచ్చేలా పేర్చింది. మాష్టారు కళ్ళద్దాలు సవరించుకుని వంగారు. లైబ్రేరియను వంగాడు. సెక్రటరీ గారు వంగడం ఇష్టంలేక మెడ మాత్రం చాచారు.

"నీళ్ళు ముందు అట్టవైపునుంచి దిగాయి. మొదటి ముక్కలో మరక మూడు వేళ్ళ ఎత్తుంది. చూశారా? రెండో ముక్కలో తగ్గుతూ వచ్చి రెండు వేళ్ళు. మూడోదానికి వచ్చేసరికి గోరంత. మళ్ళీ నాలుగోదాంట్లో రెండు వేళ్ళకి ఎక్కింది. నీళ్ళు ఎక్కడైనా అలా దూకుతాయా?" పై రెండూ తీసి అటుదిటు మార్చింది. "ఇప్పుడు చూడండి."

మరక ఒకే గీతగా, కొండవాలులా, పైనుంచి కిందకి జారిపోయింది.

మాష్టారు చాలాసేపు చూశారు. వేలితో ఆ గీత వెంట నడిచారు. ఆయన ముప్పై ఏళ్ళు పిల్లల పరీక్ష కాగితాలు దిద్దినవారు. సరైన జవాబు కనిపిస్తే కాదనడం ఆయన చేతకాదు. చేతిలో ఉన్న ఉపన్యాసం కాగితాలు మెల్లగా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"అయితే ఆ ఫోను ఎవరో ఎత్తుతారన్నమాట," అన్నారు నీరసంగా.

"ఎత్తుతారు. ఎవరో మాత్రం చెప్పను. రూలు."

సెక్రటరీ గారు ఇంతసేపూ ఇలాంటి మాట కోసమే కాచుకున్నారు. "చూశారుగా," అన్నారు లేచి. "ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం. నలభై ఒక్కమందిని పెడదారి పట్టించింది. మిషను ఇలాంటి పొరపాటు చెయ్యదు."

జిగురత్త తల దించుకోలేదు. "పొరపాటు నాదే. మురికి చూసి నిర్ణయించాను. పక్కనే మరక ఉంటే చూసుకోలేదు. మీరు గది తీసేస్తే తీసెయ్యండి. ఒక్కటే అడుగుతున్నా. రచయితకి పంపే కాగితం మీద, ఇక్కడిదాకా రాసినవాళ్ళందరూ బైండరు పొరపాటువల్ల పుస్తకాన్ని తలకిందులుగా చదివారు అని నా చేత్తో రాయనివ్వండి."

"అదెలాగూ రాద్దాం గానీ," అని బేకరీ ఆవిడ ముందుకొచ్చింది. "నలభై ఒక్కమందీ మళ్ళీ చదవొద్దూ? నా పన్నెండు పేజీలు బాకీ ఉన్నాయి. వరస మళ్ళీ మొదటినుంచి వెయ్యండి. ముందు నేను."

"నువ్వెందుకు ముందు? నేను తిట్టి రాశాను, నేను ముందు చదివి వెనక్కి తీసుకోవాలి," అన్నాడు తాగి రాశాడన్న ఆయన.

"నేను శిల్పం అన్నాను. నా పరువు ముందు," అన్నారు మాష్టారు.

హాలంతా బల్ల దగ్గరికి తోసుకొచ్చింది. నాలుగు ముక్కల్నీ నలభై చేతులు పట్టుకుని లాగాయి. కుర్చీలు పడ్డాయి. రెండో ముక్క అట్టకి ఒకపక్క మాష్టారు, ఇంకోపక్క లారీలు నడిపే ఒక ఆసామీ వేలాడారు. కుట్టు విడలేదు. అట్ట ఊడలేదు. సెక్రటరీ గారు విడిపించబోయి కింద పడ్డారు. ఆయన మీద నాలుగో ముక్క పడింది. నుదుటి మీద ఎర్రగా గీత తేలింది. పుస్తకం మీద మాత్రం ఏమీ లేదు.

ఆయన నేల మీద కూర్చునే దాన్ని తిప్పి చూశారు. కుట్టు లాగి చూశారు. చేతిలోని రంగుల కాగితం ఎప్పుడో ఎవరి కాలికిందో పడి రెండైంది.

"ఇవన్నీ మళ్ళీ చదవడం అయ్యేదాకా," అన్నారు చివరికి, నుదురు రుద్దుకుంటూ, "గది సంగతి వాయిదా."

లైబ్రేరియను అక్కడే లెక్కవేశాడు. నలభై ఒక్కమంది, ఇంకా చదవని ఇరవై ఇద్దరు, సభలో కొత్తగా పేరిచ్చిన ముప్పై ఎనిమిదిమంది. ఏడాది పైన పడుతుంది.

"అయితే నాదీ ఒక షరతు," అంది జిగురత్త.

"షరతులు కూడానా!" సెక్రటరీ గారు నోరు వెళ్ళబెట్టారు.

"ఇకనుంచి నంబర్లు లేని పుస్తకం ఏదొచ్చినా మొత్తం చదివాకే కుడతాను. రోజుకి అయిదు అడిగితే కుదరదు."

ఎవరూ కాదనలేదు. కాదనవలసిన ఆయన ఇంకా లేవలేదు.

సోమవారం పోస్టుకి వెళ్ళే కాగితాల మీద, అన్నిటికంటే పైన, ఆవిడ గుండ్రటి అక్షరాలతో రెండు పంక్తులు రాసింది. బైండరు అని సంతకం చేసింది. తరవాత మెట్లు మీద నాలుగు, ఫోను మీద మూడు అని కొత్త అంకెలు వేసింది. పాతవాటిని చెరిపెయ్యలేదు. అడ్డంగా ఒక్క గీత కొట్టి వదిలేసింది, ఎవరైనా చూస్తే చూడనీ అని.

ఆపైన కొత్తగా కుట్టిన అభిప్రాయాల పుస్తకం తీసి, పెన్సిలు చెక్కి, మొదటి పేజీలో తన జీవితంలో మొదటి అభిప్రాయం రాసింది. ‘మంచి నవల. సరైన వరసలో చదవండి. ఫోను భాగంలో తికమక పడితే రచయితని తిట్టకండి, కొంచెం ఆగండి.’

ఆ సాయంత్రం లిఫ్టాయన గుమ్మంలోనే ఎదురొచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"వరస మళ్ళీ మొదటినుంచి వేశారట? నేను మళ్ళీ చిట్టచివరకేనా?"

"నూట ఒకటో నంబరు."

"ఒసేయ్, నువ్వు మొత్తం చదివేశావు కదా. ఆ మంత్రి ఎవడో చెవిలో చెప్పు. ఎవరికీ చెప్పను. లిఫ్టు మీద ఒట్టు."

జిగురత్త చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, స్టవ్ మీద టీ పెట్టింది.

"చెబితే నెల్లాళ్ళు పుస్తకం ఇవ్వరు," అంది. "నాకు రేపు ఇంకోటి చదవాల్సింది ఉంది."